బారసాలకి ఏం కుడదాం?



మా భిలాయి క్యాంప్ 1లో ఏ ఇంట బారసాల జరిగినా ఉయ్యాల పక్కన పేర్చిన కానుకలు ఒకసారి చూడండి. ప్లాస్టిక్ కాగితం చుట్టిన డబ్బా సెట్లు, నొక్కితే కీచుమనే బొమ్మలు, మెడ చుట్టూ జరీ అంచూ కింద నెట్టు కుచ్చులూ ఉన్న గౌన్లు. ఎక్కువ భాగం పవర్ హౌస్ దగ్గర బజార్లో కొన్నవే. ఆ గౌను ఫొటో తీసేదాకా పాప ఒంటిమీద ఉంటుంది. తర్వాత జరీ గీరుకుంటోందని పిల్ల గుక్కపెడితే విప్పేస్తారు. మళ్లీ ఏ పెళ్లికో తీసి చూస్తే చేతులు పట్టవు.

మా వీధిలో కొత్తగా కుట్టుమిషను కొనుక్కున్న అమ్మాయిలు నలుగురైదుగురు ఉన్నారు. "అప్పా, కొనడం దేనికి, మేమే ఏదో ఒకటి కుట్టి ఇస్తాం. ఏం కుట్టమంటావు?" అని అడుగుతుంటారు. ఇంకా జాకెట్టు కుట్టడం రానివాళ్లు, తిన్నగా ఒక గీత కుట్టడం మాత్రం వచ్చినవాళ్లు. వాళ్లకి నేను చెప్పేదే ఇవాళ మీకూ చెబుతాను.

ముందు ఎవరికోసం కుడుతున్నామో తేల్చుకోండి. బారసాలకి వచ్చిన పెద్దలకా, ఉయ్యాల్లో ఉన్న పిల్లకా? పెద్దలు కానుకని కళ్లతో చూస్తారు. పిల్ల నోటితో చూస్తుంది. అందిన కొసని పట్టి లాగుతుంది, చప్పరిస్తుంది, దాని మీదే పాలు కక్కుతుంది. కుట్టు వంకరపోయిందా అన్నది ఆ పిల్లకి పట్టని సంగతి. కుట్టు ఊడిందా లేదా అన్నదొక్కటే లెక్క. అందుకని కొత్తవాళ్లు అందం గురించి పడే బెంగంతా తీసుకెళ్లి గట్టిదనం మీద పెట్టండి అంటాను.

బయట ఊళ్లలో వింటున్నవాళ్లకి మా క్యాంపు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ ప్రభుత్వంతో మన ప్రభుత్వం 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకుంది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. కట్టడం పనికి నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఉండడానికి వెలిసినవే ఈ క్యాంపులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ఎంతమంది వచ్చారో మా వీధుల్లో రెండు అడుగులు వేస్తే మాటల్లోనే తెలుస్తుంది. పక్కింట్లో ఛత్తీస్‌గఢీ, ఎదురింట్లో ఒడియా, వెనక భోజ్‌పురి, మధ్యలో మన యాస.

ఇలా వచ్చినవాళ్ల పిల్లలకి అమ్మమ్మ ఊరు ఒక రాత్రి రైలు ప్రయాణం. పురుడు పోసుకుని కూతురు తిరిగి భిలాయి వస్తుంటే రేకుపెట్టెలో నెయ్యి సీసాతో పాటు రెండు మూడు పాతచీరల బొంతలు తప్పకుండా వచ్చేవి. ఇప్పుడు దుర్గ్ నుంచి విశాఖకి 2024 సెప్టెంబరులో వందే భారత్ కూడా వేశారు, పగటిపూటే వెళ్లిపోవచ్చు. రైలు వేగం పెరిగింది గానీ బొంతలు రావడం తగ్గిపోయింది. బొంతలు కుట్టే అమ్మమ్మలు తగ్గారు మరి.

కాబట్టి కొత్తగా కుట్టు పట్టినవాళ్లకి నా మొదటి ఓటు బొంతకే. చంక కత్తిరించేది లేదు, మెడ తిప్పేది లేదు, ఒకరి కొలతకి సరిపోతుందా అన్న భయమూ లేదు. నాలుగు పలకలు, నాలుగు తిన్నని గీతలు. పుట్టిన బిడ్డకి మొదట పాతగుడ్డే తొడగాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టేవారు. వాళ్లు చెప్పే కారణం ఏదైనా, వందసార్లు ఉతికిన నేతచీర మెత్తదనం ఏ కొత్తగుడ్డకీ రాదు. గంజి పోయి ఉంటుంది, పోవలసిన రంగు పోయి ఉంటుంది, కుంచించుకోవలసింది ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది.

ఎలా కుట్టాలంటే, చీరలో చిరుగులు లేని చోటు చూసి 36 అంగుళాల చదరం ముక్కలు మూడో నాలుగో తీసుకోండి. రెండు పొరలు లోపల పడేలా నాలుగు పొరలైతే చలికాలానికి, మూడైతే మిగతా రోజులకి. నేలమీద పరిచి, ముడతలు చేత్తో బయటికి తోసి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులవైపు టాకాలు వేసుకుంటూ రండి. అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బి కూర్చుంటుంది. తర్వాత చేత్తోనే పరుగు కుట్టు, రెండు వేళ్ల ఎడంతో వరసలు. మిషను మీద కుట్టినా తప్పులేదు గానీ చేతికుట్టు బొంత మడతకి లొంగుతుంది, మిషను కుట్టుది కాస్త బిర్రుగా నిలబడుతుంది. మా పక్కింటి ఛత్తీస్‌గఢీ అత్తమ్మ కుట్టే కథరీ కూడా ఇదే. బెంగాలువాళ్ల కాంథా కూడా పుట్టుకలో ఇదే, పోనుపోను దాని మీద పువ్వులూ నెమళ్లూ చేరాయి.

బొంత ఇచ్చేటప్పుడు బాలింతకి ఒక మాట చెప్పి ఇవ్వండి. ఏడాది నిండని పిల్ల నిద్రపోయేటప్పుడు బొంత కింద పరవాలి. మొహం దాకా కప్పేలా, చుట్టూ కుప్పగా ఉండకూడదు. ఆ వయసు పిల్లకి దిండూ వద్దు, పక్కలో బొమ్మా వద్దు అని పిల్లల డాక్టర్లు చెబుతారు. మా వైపు హిందీవాళ్ల ఇళ్లలో తల గుండ్రంగా రావడానికని ఆవాల దిండు కుట్టి ఇస్తారు. ఎంతో ప్రేమగా ఇస్తారు, నాకు తెలుసు. అయినా దాన్ని కానుకల జాబితాలోంచి తీసేయమనే చెబుతాను. దిండు కుట్టాలని మరీ మనసైతే మూడేళ్ల పిల్లకి చిన్న గలేబు కుట్టండి.

ఇక కొత్తగుడ్డ సంగతి. కేంబ్రిక్కో, పాప్లినో, మల్లుగుడ్డో కొన్నారనుకోండి. ఆత్రపడి వెంటనే కత్తెర పెట్టకండి. నానబెట్టి, పిండకుండా ఆరేసి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేయండి. నూలుగుడ్డ మొదటి ఉతుక్కి కుంచించుకుంటుంది. కుట్టాక కుంచించుకుంటే మీ కొలతలన్నీ గంగపాలే. ఎరుపు, ముదురు నీలం అయితే తడిగుడ్డ మీద తెల్లరుమాలు పెట్టి రుద్ది చూడండి. రుమాలుకి రంగంటితే అది పసిపిల్ల నోట్లోకి వెళ్లే గుడ్డ కాదు, మీ చేతిసంచీకి వాడుకోండి.

ముక్కల కోసం టైలరు దగ్గరికి వెళ్లడంలో సిగ్గేం లేదు. మా క్యాంపులో టైలరు బాబాయిని ఒకరిని ముక్కలడిగితే, "పట్టుకెళ్లమ్మా, ఎలాగూ ఊడ్చేసేవే. కానీ ప్యాంటు ముక్కలు గుంటలకి పెట్టకు, ఒరుసుకుంటాయి" అన్నారు. మంచిమాట. ఏది నూలో ఏది పాలిస్టరో చూపుకి తేలకపోతే ఒక పోగు లాగి, దీపం దగ్గర కాల్చి చూడండి. నూలుపోగు కాగితంలా కాలి, మెత్తటి బూడిదై రాలిపోతుంది. పాలిస్టరు కరిగి, కొసన నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఎండాకాలంలో 45 డిగ్రీల దగ్గరికి వెళ్లే ఊళ్లో పిల్లల ఒంటికి ఏది కావాలో ఇంక నేను చెప్పనక్కర్లేదు.

మిషను సూది మామూలు పాప్లిన్‌కి 14 నంబరు, మల్లుగుడ్డకి 11. మొద్దుబారిన సూదితో మల్లు కుడితే పోగులు లాగేసి గుడ్డ ముడతలు పడుతుంది. కొత్తవాళ్లు అది తమ చేతకానితనం అనుకుని మిషను మూసేస్తారు. సూది మార్చి చూడండి. కుట్టు మొదట్లోనూ చివర్లోనూ నాలుగు కుట్లు వెనక్కి వేసి ముందుకు రావడం అలవాటు చేసుకోండి. వెనక్కి పోని మిషనైతే దారాలు రెండూ లోపలికి లాగి చేత్తో ముడేయండి.

నెలల పిల్లకి జుబ్బా కుడితే ముందుభాగం పూర్తిగా తెరుచుకునేలా ఉండాలి. మెడ నిలవని పిల్లకి తలమీంచి తొడగడం బాలింతకి పెద్ద తంటా. గుండీలు వద్దు, పక్కన పొట్టి కట్లు చాలు. కుట్టు మడత లోపల కాక పైకి ఉంటే చర్మానికి తగలదు. చూసేవాళ్లు తిరగేసి తొడిగారనుకుంటారు, అనుకోనివ్వండి.

నాకు బాగా ఇష్టమైనది రెండేళ్ల పిల్లకి ఇలాస్టిక్ లంగా. కొత్తవాళ్లు కుట్టగల మొదటి బట్ట ఇదే. 44 అంగుళాల పన్నా పాప్లిన్‌లో 15 అంగుళాల పొడవు ముక్క చాలు. కత్తెరతో కోయకండి, అంచున చిన్న గాటు పెట్టి చర్రున చించండి. పాప్లిన్ పోగు వెంటే చిరుగుతుంది, మీ చెయ్యి వంకరపోయే అవకాశమే లేదు. రెండు నేత అంచులనీ కలిపి కుడితే గొట్టమవుతుంది. పైన అంగుళంపాతిక మడిచి, ఇలాస్టిక్ దూర్చడానికి కాస్త సందు వదిలి కుట్టండి. ఇలాస్టిక్ పిల్ల నడుము కన్నా ఒక అంగుళం తక్కువ. వేశాక నడుము దగ్గర మీ రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. దూరకపోతే విప్పి మార్చండి. పిల్ల చెప్పుకోలేదు కదా, సాయంత్రం విప్పేసరికి పొట్ట చుట్టూ ఎర్రటి చార ఉంటుంది.

కింద అంచు మడిచాక ఇంకా రెండు మూడు అంగుళాలు ఎక్కువే ఉంటుంది. దాన్ని కోసేయకండి. లంగా కింది భాగంలో అరంగుళం టక్కులు రెండు వేయండి. ఒక్కో టక్కు ఒక అంగుళం పొడవు మింగుతుంది. మన అమ్మమ్మలు పట్టుపావడాలకి చేసిన పనే ఇది. పిల్ల పెరిగే కొద్దీ ఏడాదికో టక్కు విప్పేవారు. విప్పిన చోట పాతగీత కనబడితే దాని మీద సన్నటి లేసు పడేది. టక్కు వేసేటప్పుడు కుట్టు పెద్దది పెట్టుకోండి, విప్పేటప్పుడు గుడ్డ తెగదు. కొన్న గౌను ఆ ఏడుతో సరి. ఇది మాత్రం రెండేళ్లప్పుడు మోకాలి కిందికి, నాలుగేళ్లప్పుడు మోకాలి దాకా వస్తుంది. ఇలాస్టిక్ ఒక్కటి మారిస్తే చాలు. తల్లికి ఈ టక్కుల సంగతి చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే అది అలంకారం అనుకుని పొట్టిదైపోయిందని ఎవరికో ఇచ్చేస్తుంది.

బొమ్మల దగ్గరికి వస్తే కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ప్రమాదమూ ఇక్కడే ఉంది, సరదా కూడా ఇక్కడే ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లో పోలా పండుగ నాడు మట్టితోనో కర్రతోనో చేసిన చక్రాల ఎద్దుని పిల్లలకి ఇస్తారు. నందియా బైలా అంటారు. ఆడపిల్లలకి మట్టి పొయ్యీ గిన్నెలూ ఇస్తారు. పంచాంగం తీసి చూస్తే అదే రోజు మనకి పోలాల అమావాస్య. శ్రావణమాసం చివర, పిల్లలు చల్లగా ఉండాలని కంద మొక్క పెట్టి మన కోస్తా తల్లులు పూజ చేసుకునే రోజు. మా వీధిలో ఒక వాకిట్లో మట్టిఎద్దు దొర్లుతుంటే పక్క వాకిట్లోంచి గారెల వాసన వస్తుంది. ఆ రోజుకి పసిపిల్లకి ఒక గుడ్డ ఎద్దు కుట్టి ఇవ్వండి. మట్టిఎద్దు పగిలితే పెంకు గుచ్చుకుంటుంది, ఇది ఎక్కడ పడేసినా భయం లేదు. పైగా మన గంగిరెద్దు ఉండనే ఉంది. దాని వీపు మీద కప్పేదే రంగురంగుల ముక్కల బొంత. టైలరు ముక్కలు అన్నీ కలవలేదని బాధపడక్కర్లేని బొమ్మ లోకంలో ఏదైనా ఉంటే అది గంగిరెద్దే.

కొత్తవాళ్లకి నాలుగు కాళ్లు కుట్టడం గండం. సన్నటి కాలు తిరగేయడం రాదు, తిరగేసినా నిలబడదు. అందుకని ఎద్దుని పడుకోబెట్టండి. శివాలయంలో నందిలాగా కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఎద్దు. పాత పేపరు మీద 10 అంగుళాల పొడవు, 7 అంగుళాల ఎత్తులో పక్కచూపు బొమ్మ గీయండి. ఒక మూపురం, ఒక తల, కింద తిన్నటి గీత. కొమ్ములు పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. గుడ్డమీద పెట్టి చుట్టూ అరంగుళం వదిలి రెండు ముక్కలు కత్తిరించండి. కలిపి కుట్టకముందే కళ్లు దారంతో కుట్టేయాలి. గొలుసు కుట్టు గుండ్రంగా తిప్పితే కన్ను. వీపు మీద రంగుముక్కలు అతికించేదీ ఇప్పుడే. మంచివైపులు లోపలికి పెట్టి, పొట్ట కింద రెండంగుళాల సందు వదిలి చుట్టూ కుట్టండి. అదే గీత మీద రెండోసారి కూడా కుట్టండి. వంపులున్న చోటల్లా, కుట్టుకి నూలువాసి దూరం దాకా చిన్నచిన్న గాట్లు పెట్టకపోతే తిరగేశాక మూపురం మూలలు తేలి గుడిగోపురంలా కనిపిస్తుంది. తిరగేశాక ముందు కొమ్ముల్లో, తర్వాత మూపురంలో, చివరికి పొట్టలో దూది కూరాలి. దిండ్లలో వాడే పాలిస్టరు దూది ఉతికితే ఉండకట్టదు. బూరుగుదూది గాలికి లేచి ముక్కుల్లోకి పోతుంది, అనుభవం ఉన్నవాళ్లకి వదిలేయండి. మిల్లులో నూనె తుడవడానికి ఇచ్చే కాటన్ వేస్టు మాత్రం ఎంత శుభ్రంగా కనబడినా వద్దు.

మెడలో మువ్వలు, గవ్వలు, పూసలు, గుండీ కళ్లు, వీటిలో ఏదీ మూడేళ్లలోపు పిల్ల బొమ్మకి పెట్టకండి. గంగిరెద్దుకి మువ్వల్లేకపోతే ఎలా అంటారు. దారంతో కుట్టండి మువ్వల్ని. బొమ్మలకి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. 2021 జనవరి 1 నుంచి అమ్మకానికి పెట్టే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో కుట్టి ఇచ్చేదానికి ఎవరూ గుర్తు అడగరు గానీ, ఆ ప్రమాణంలోని పరీక్ష మనమూ చేసుకోవచ్చు. బొమ్మనుంచి ఊడివచ్చే భాగం 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టిందంటే మూడేళ్లలోపు పిల్లకి పనికిరాదు. పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. అంటే ఆ నాణెం కన్నా కాస్త పెద్దదైనా గొంతుకి అడ్డంపడేదే. అలాగే ఏడాదిన్నర లోపు పిల్ల బొమ్మకి కట్టే తాడు 22 సెంటీమీటర్లు దాటకూడదు, మెడకి చుట్టుకుంటుంది.

పూర్తయ్యాక కొమ్ము ఒక చేత్తో, మూపురం ఇంకో చేత్తో పట్టుకుని మొహమాటం లేకుండా లాగండి. సందులో దారం కనిపించిందంటే మళ్లీ కుట్టాలి. ఒకసారి ఉతికి ఆరేసి ఇవ్వండి. గుండుసూదులు ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకుని అన్నీ తీయండి. బొంతలోనైతే పైనుంచి ఒక అయస్కాంతం తిప్పి చూడండి. ఉక్కు ఊళ్లో అయస్కాంతం దొరకదని ఎవరూ అనరు కదా!

గుండుసూదులంటే గుర్తొచ్చింది, జర్మనీలో గీంగెన్ అనే ఊళ్లో మార్గరెటె ష్టైఫ్ అని ఒక దర్జీ ఆవిడ ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి, కుడిచెయ్యీ సరిగా లేచేది కాదు. 1880లో ఒక పత్రికలో వచ్చిన నమూనా చూసి, ఉన్నిగుడ్డతో చిన్న ఏనుగు కుట్టింది. గుండుసూదులు గుచ్చుకునే దిండుగా వాడుకోవడానికే కుట్టింది. పిల్లలు దాన్ని ఎత్తుకుపోయి ఆడుకోవడం మొదలుపెట్టారు. దాంతో ఏనుగులు, ఆ తర్వాత రకరకాల జంతువులు కుట్టింది. ఆమె పేరుతో ఉన్న బొమ్మల కంపెనీ ఇప్పటికీ ఉంది. ఆ ఏనుగుకి బొమ్మ అని పేరు పెట్టింది ఆవిడ కాదు, పిల్లలే. మీరు కుట్టిన ఎద్దుని పిల్ల పట్టించుకోకుండా, దాన్ని చుట్టి ఇచ్చిన సంచీతో ఆడుకుంటే కూడా నొచ్చుకోకండి. ఆ సంచీ కూడా గుడ్డదే అయితే మరీ మంచిది.

ఇందాకటి నుంచీ అమ్మాయిలతోనే మాట్లాడుతున్నాను. రిటైరై ఇంట్లో ఉన్న బాబాయిలూ, మావయ్యలూ కూడా ఒక చెవి ఇటు పెట్టండి. మా కర్మాగారంలో 130 మీటర్ల పట్టాని అతుకు లేకుండా ఒకే ముక్కగా రోలర్ల మధ్య సాగదీస్తారు. అలాంటి చోట ముప్ఫై ఏళ్లు కొలతలు తప్పకుండా పనిచేసిన చేతులకి 60 అంగుళాల టేపు ఒక లెక్కా? గుడ్డ తిన్నగా కత్తిరించడం, టక్కులు సమంగా రావడం, రెండు ముక్కలూ నూలుతేడా లేకుండా కలవడం మీకు వచ్చినంత బాగా మాకు రాదు. సాయంత్రం పేకాట కొంచెం తగ్గించుకుని మనవరాలికో లంగా కుట్టండి. ఎవరైనా నవ్వితే మన క్యాంపులో టైలర్లందరూ మగవాళ్లేనని గుర్తుచేయండి.

వచ్చే పోలాల అమావాస్య దాకా ఆగక్కర్లేదు. మీకు తెలిసినవాళ్లింట్లో పసిపిల్ల ఎవరున్నారో చూసుకుని, ఇంట్లో ఉన్న పాత నేతచీర ఒకటి బయటికి తీయండి. పాతది లేదు, కొత్తగుడ్డే కొంటామంటే కొనండి. కత్తెర పట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టడం మాత్రం మరవకండి.